ద్రాక్ష లేని ద్రాక్షారామము

ఈ జీర్ణోద్ధరణ కుంభాభిషేక మహోత్సవమునకు విచ్చేయుచున్న భక్తమహాశయులకు ఒక చిన్న విషయమును విన్నవించుకొనుచున్నాను.

మన గ్రామ శివాలయము ద్రాక్షారామ క్షేత్రమును చుట్టియున్న 108 శివాలయములలో ఒకటియని పెద్దలు చెప్పుదురు. నక్షత్రములు 27, ఒక్కొక్క నక్షత్రమునకు పాదములు 4, వెరసి 108 పాదములకు 108 లింగములు. నడుమ భీమేశ్వరుడు. ఈ ప్రదేశమంతయు భీమమండలము. కావున మన ఆలయమునకు వచ్చువారు ముందుగా ద్రాక్షారామమున దిగి, భీమేశ్వరుని సేవించి, తమ నక్షత్రపాదమును వెదకుకొనుచు ఇటు వత్తురు. వచ్చిన ప్రతి పదిమందిలో ఒకరైనను నన్నడుగు ప్రశ్న ఒక్కటే. "అయ్యా, ద్రాక్షతోటలెక్కడ?"

చుట్టును వరిచేలు, కొబ్బరితోటలు, అరటితోటలు, కాలువలు. ఏడాదిలో సగము దినములు చెమ్మ ఆరని గోదావరి ఒండ్రునేల. ద్రాక్షకు నీరు నిలువని నేల, పొడి వాతావరణము కావలెను. అనంతపురము వైపు, భాగ్యనగర పరిసరములందు పండునే కాని మన పల్లపు భూములలో పండదు. పిల్లలడిగినప్పుడు నవ్వి ఊరకుండెడివాడను. ఈ పర్యాయము ఊరకుండుటకు వీలు లేకపోయినది.

కారణము శిలాఫలకము. నూతన ముఖమండపమున ఒక ఫలకము ప్రతిష్ఠింపవలెనని ఆలయ కమిటీవారు నిశ్చయించిరి. దానియందు మన ఆలయము ఏ క్షేత్రమునకు అంగమో తెలుపు పంక్తి ఒకటి ఉండవలెను గదా. "ద్రాక్షారామ" అని వ్రాయవలెనని విశ్రాంత ఉపాధ్యాయులొకరు, "దక్షారామ" అనుటయే శాస్త్రమని మరియొక పెద్దలు పట్టుపట్టిరి. మాట మాట పెరిగి ఇద్దరును రెండు సమావేశములకు రాకుండిరి. శిల్పి మాత్రము ఉలి చేతబట్టుకొని, "పంతులుగారూ, క్రావడి పెట్టమందురా, మానమందురా?" అని నన్నడిగెను. ఒక్క క్రావడికై ఇంత తగవా అని మీకు తోచవచ్చును. కాని రాతిమీద చెక్కినది మన మనుమల మనుమలు చదువుదురు. అందుచేత నాకు తెలిసినంతలో విచారించి, ఆ విచారమును ఇచ్చట మీ ముందుంచుచున్నాను.

మొదట స్థలపురాణము. దక్షప్రజాపతి యజ్ఞము చేసిన చోటు ఇదియేయనియు, అది దక్షుని ఉద్యానమగుటచే దక్షారామమయ్యెననియు మన పెద్దలు తరతరములుగా చెప్పుచున్నారు. దాక్షాయణి పుట్టినిల్లు కావున అల్లుని అవమానించిన మామగారి ఊరికి అల్లుడే దైవమై నిలిచెనని మా తండ్రిగారు చమత్కరించెడివారు. ఉత్తరదేశమున హరిద్వారమునకు చేరువనున్న కనఖలమున దక్షేశ్వరుని ఆలయము కలదు. అచ్చటివారును దక్షయజ్ఞము తమచోటనే జరిగినదందురు. యాత్రకు పోయివచ్చినవారు ఈ మాట పట్టుకొని నన్ను నిలదీసినారు. పురాణముల మర్యాదలో దీనికి కల్పభేదమని సమాధానము చెప్పుదుము. ఆ సమాధానము నాకు చాలును. అది చాలనివారికొరకు తక్కిన సాక్ష్యములను చూతము.

అమ్మవారి వైపునుండి వచ్చు సాక్ష్యము బలమైనది. మాణిక్యాంబ అష్టాదశ శక్తిపీఠములలో ఒకతె. ఆ పీఠములను లెక్కించు స్తోత్రమున ఆమె నెలవునకు చెప్పిన పేరు దక్షవాటిక. వాటిక యన్నను ఆరామమన్నను తోటయే. పర్యాయపదము వేసినను దక్షుడు దక్షుడుగానే నిలిచినాడు, ద్రాక్ష కాలేదు. ఈ స్తోత్రమును దినదినము పఠించుచు కూడ మనము దీనిని గమనింపము.

పంచారామముల కథ మీ యందరకు తెలిసినదే. తారకాసురుని కంఠమున ఉన్న లింగమును కుమారస్వామి భేదింపగా ఐదు ఖండములై ఐదు చోట్ల పడెను. అమరావతిలో ఇంద్రుడు, భీమవరము గునుపూడిలో చంద్రుడు, పాలకొల్లులో విష్ణువు, సామర్లకోటలో కుమారస్వామి, ద్రాక్షారామమున సూర్యుడు ప్రతిష్ఠించిరని ప్రసిద్ధి. ఇపుడు పేర్లను చూడుడు. అమరాధిపుని ప్రతిష్ఠ అమరారామము, సోముని ప్రతిష్ఠ సోమారామము, కుమారుని ప్రతిష్ఠ కుమారారామము. ఈ వరుసలో సూర్యుడు ప్రతిష్ఠించినది సూర్యారామము కావలెను. కాలేదు. అనగా సూర్యుడు ప్రతిష్ఠ చేయు వేళకే ఆ తోటకు పేరొకటి స్థిరముగా ఉన్నదన్నమాట. ప్రతిష్ఠాకథ వచ్చియు ఆ పేరును కదల్పలేకపోయినది. క్షీరారామము మాత్రము పాలనుబట్టి వచ్చినది కావున, పాలతో ఒక ఆరామముండగా ద్రాక్షతో ఒకటి ఏల ఉండరాదని ఉపాధ్యాయులుగారు నన్నడిగిరి. మంచి ప్రశ్నయే. అయితే పాలకొల్లున ఉపమన్యువు కొరకు పాలు పుట్టిన కథ ఉన్నది. ద్రాక్ష పండిన కథ నేనెచ్చటను వినలేదు.

ఇక కవుల మాట. శ్రీనాథ మహాకవి 15వ శతాబ్దమున భీమేశ్వరపురాణమును ఆరాశ్వాసములుగా రచించి బెండపూడి అన్నయమంత్రికి అంకితమిచ్చెను. కాశినుండి వెడలగొట్టబడిన వ్యాసులవారు ఓదార్పు పొందినది ఈ క్షేత్రముననే యని అందు చదువుదుము. అంతకు నూరేండ్లు ముందు, కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానమున విద్యానాథుడు ప్రతాపరుద్రీయమున శ్రీశైల, కాళేశ్వర, ద్రాక్షారామ దేవతలు మువ్వురిచేత ఈ దేశము త్రిలింగమని ఖ్యాతి గాంచెనని చెప్పెను. అచ్చుప్రతులలో అచ్చట ద్రాక్షారామమనియే ఉన్నది. దీనిని చూపి ఉపాధ్యాయులుగారు, "ఇంత ప్రామాణికుడు వ్రాసిన తరువాత చర్చ ఏమి?" అనిరి.

ఇచ్చట పాఠకులు కొంచెము ఓపిక పట్టవలెను. కవులయెడ నాకు అపారమైన గౌరవము కలదు. అయినను ఈ తగవున కవులు సాక్ష్యమునకు పనికిరారు. ఏలయన, దక్షారామ, దాక్షారామ, ద్రాక్షారామ అను మూడింటిలోను మొదటి అక్షరము గురువే. ద హ్రస్వమైనను దాని వెనుక క్ష అను సంయుక్తమున్నది కావున గురువైనది. మూడింటి గణములును ఒక్కటే. శార్దూలమునందైనను, మత్తేభమునందైనను ఒకదానిని తీసి మరియొకదానిని పెట్టిన ఛందస్సు చెడదు. ప్రాసస్థానము క్షా, అదియు మూడింటికి సమానము. యతిస్థానమున ద్ర ఉన్నచో ద తోనైనను ర తోనైనను మైత్రి చెల్లును. అకార ఆకారములకు స్వరమైత్రి ఉండనే ఉన్నది. కావున ద తో యతి వేసిన పద్యము ఏమియు తేల్చదు. ర తో యతి వేసిన పద్యమున్నచో అది మాత్రమే సాక్ష్యము. అట్టి పద్యమొకటి పూర్వకవిది చూపినవారికి నేను తలవంచుదును. తాటాకుపై ప్రతి వ్రాయువాడు తన ఊరిలో అలవాటైన రూపమును వ్రాసినను ఏ పండితుడును తప్పు పట్టుకొనలేడు. కవి వ్రాసినదేదో, లేఖకుడు వ్రాసినదేదో మనకెట్లు తెలియును?

వ్యాకరణము సైతము మనకు తోడుపడదు. దక్షుని ఆరామము షష్ఠీ తత్పురుషమున దక్షారామము. దక్షునికి సంబంధించినది దాక్షము, దానితో కూడిన ఆరామము దాక్షారామము. ద్రాక్షల ఆరామము ద్రాక్షారామము. మూడును సాధురూపములే. సవర్ణదీర్ఘసంధి వచ్చి, పూర్వపదము చివర ఉన్నది హ్రస్వ అకారమో దీర్ఘ ఆకారమో కానరాకుండ కప్పివేసినది. సంధి చేసినవాడు మనలను చీకటిలో పెట్టిపోయినాడని విద్యార్థిదశలో మా గురువుగారి ముందు అని చీవాట్లు తింటిని.

అసలు చిక్కుముడి విప్పునది ప్రాకృతమని నా అభిప్రాయము. ప్రాకృతమున సంయుక్తమునందలి రేఫ లోపించును, క్ష క్ఖ యగును, ద్విత్వము ముందర దీర్ఘము హ్రస్వమగును. ఆ సూత్రముల ప్రకారము సంస్కృతమునందలి ద్రాక్షా దక్ఖా అయినది, దక్ష దక్ఖ అయినది. హిందీవారు నేటికిని ద్రాక్షను దాఖ్ అందురు. అనగా జనుల నోట ప్రజాపతియు ద్రాక్షపండును ఒక్క మాటయై పోయినవి! ఆ నోటిమాటను మరల సంస్కృతము చేయబూనిన పండితుని ముందు రెండు దారులున్నవి. దక్షుని తెలిసినవాడు దక్షారామమనును. తీయని పండు తలపునకు వచ్చినవాడు ద్రాక్షారామమనును.

దీనికి తెలుగునోటి అలవాటు మరియొకటి తోడైనది. పూర్వపు తెలుగున క్రొత్త, ప్రాత, మ్రాను, గ్రుడ్డు, బ్రతుకు అనియుండగా నేడు కొత్త, పాత, మాను, గుడ్డు, బతుకు అనుచున్నాము. వాడుకలో క్రావడి జారిపోవుననియు, చదువుకొన్నవారి భాషలో నిలుచుననియు అందరికి తెలియును. అందుచేత ఒక భయము పట్టుకొనును. క్రావడి లేనిమాట ఎక్కడ కనబడినను ఇది మొరటుదేమో, ఒకటి తగిలించుదమని తోచును. శాపమును శ్రాపమని వ్రాయువారు, పలుకువారు నేటికిని ఎందరున్నారో చూడుడు. శపించుటలో లేని రేఫ శ్రాపములోనికి ఎట్లు వచ్చినది? మర్యాదకొరకు వచ్చినది. దాక్షారామమునకు సైతము అట్లే మర్యాద జరిగినదని నేను తలచెదను. ఇంతకును మా చుట్టుపట్ల సామాన్యులు ఈ మూడింటిలో ఏదియు అనరు. "ద్రాక్షారం" అని బస్సు ఎక్కుదురు.

కవులు తేల్చనిది రాళ్లు తేల్చవలెను. భీమేశ్వరాలయము శాసనములకు గని. వేంగీ చాళుక్యులు, కులోత్తుంగ చోళుడు (1070-1120), వెలనాటి ప్రభువులు, వారి దేవేరులు, మంత్రులు, వర్తకులు వేయించిన శాసనములు ఆ స్తంభములమీద, గోడలమీద కిక్కిరిసియున్నవి. 1923లో అచ్చయిన దక్షిణ భారత శాసన సంపుటము నాలుగవదానిలో పెక్కింటిని చదువవచ్చును. కులోత్తుంగుడు మన రాజరాజనరేంద్రుని కుమారుడే కావున పరాయివాడు కాడు. ఈ శాసనములలో నాకు మిక్కిలి ఇష్టమైనవి రాజుల ప్రశస్తులు కావు, అఖండదీపముల దానములు. ఒక దీపమునకు 50 ఇనుపయెడ్లు. ఇనుపయెడ్లనగా ఇనుముతో చేసిన ఎడ్లని భ్రమపడవద్దు, గొఱ్ఱెలు. వానిని ఒక బోయకు అప్పగించుదురు. అతడును అతని సంతతియు నిత్యము మానెడు నేయి స్వామి దీపమునకు పోయవలెను. మంద పెరుగుచుండును, దీపము వెలుగుచుండును. వడ్డీ లెక్కలు నేర్చిన మన కమిటీ కోశాధికారిగారు ఈ ఏర్పాటు విని ఆశ్చర్యపోయిరి.

ఈ శాసనములలో ఊరిపేరు ఒక్కతీరుగా లేదు. దక్షారామ, దాక్షారామ, ద్రాక్షారామ రూపములు కనబడుచున్నవి. లేఖకుడు మారిన కొలది అక్షరము మారినది. అనగా ఈ తగవు మన కమిటీలో పుట్టినది కాదు. చెక్కినవారి నాడే ఉన్నది.

ఆరామ శబ్దమును గూర్చి యొక మాట. బౌద్ధభిక్షువుల నివాసములను సంఘారామములందురు కావున ఈ పంచారామములు ఒకప్పటి బౌద్ధస్థానములని చరిత్రకారులు కొందరు తలచుచున్నారు. అమరారామము ప్రక్కనే మహాస్తూపము ఉన్నమాట నిజము. మన గోదావరీప్రాంతమున ఆదుర్రు, కొడవలి మొదలగుచోట్ల బౌద్ధుల ఆనవాళ్లున్నమాటయు నిజము. ఈ మాట ఎత్తినంతనే మనవారు కొందరు కోపగింతురు. కోపమునకు కారణము నాకు కనబడదు. అమరకోశమున ఆరామమనగా నాటి పెంచిన తోట యని సామాన్యార్థము. ఆ అర్థము చెప్పిన అమరసింహుని బౌద్ధుడనియే సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. ఆయన నిఘంటువును వల్లెవేయకుండ మనలో ఎవడును వేదపాఠశాలనుండి బయటికి రాలేదు గదా! ఒక తోటలో ఒకప్పుడు భిక్షువులు కూర్చుండియుండవచ్చును, తరువాత శివుడు వెలసియుండవచ్చును. నీడ ఇద్దరికిని ఒక్కటే. కాని ఆరామపదమొక్కటే చూపి బౌద్ధక్షేత్రమని తీర్పు చెప్పుట తొందరపాటు. త్రవ్వి చూపవలెను.

భీమేశ్వరనామమునందును ఇట్టి చిక్కే ఉన్నది. తూర్పు చాళుక్య ప్రభువైన చాళుక్య భీముడు (892-921) ఆలయము కట్టించుటచే స్వామికి ఆ పేరు వచ్చెనని చరిత్రకారులందురు. సామర్లకోట క్షేత్రమునకు చాళుక్య కుమారారామ భీమవరమని పేరుండుట వారికి బలము. భీముడన్నది శివుని అష్టమూర్తి నామములలో ఒకటి యని మేమందుము. రాజునకు ఆ పేరు పెట్టినవారు శివభక్తులైన తల్లిదండ్రులే యగుదురు కావున పేరు తిరిగి తిరిగి శివునినుండియే వచ్చినది. ఇందు తగవులేదు.

ఇప్పుడు చెప్పుటకు మనసొప్పని ఒక విషయము చెప్పవలెను. మన ఆలయమునకు సుమారు 40 ఏండ్ల క్రిందట ఒక పర్యాయము మరమ్మతులు జరిగినవి. అప్పటికి మా తండ్రిగారు అర్చకులు, నేను వారికి సహాయముగా ఉంటిని. ప్రాకారము మూలనున్న రాయి ఒకటి వంటశాల గుమ్మమునకు మెట్టుగా సరిపోవునని పనివారు తెచ్చిరి. దానిమీద అక్షరములుండెను. ఎగుడుదిగుడుగా ఉన్నదని ఒక అంచును ఉలితో చదును చేసి, అక్షరముల వైపు నేలకు ఉండునట్లు పరచిరి. నేనక్కడనే ఉంటిని. నైవేద్యమునకు వేళ మించుచున్నదను తొందరలో వద్దని చెప్పలేదు. ఆ మెట్టుమీదుగా స్వామివారి ప్రసాదమును మోసికొని నలువది ఏండ్లు నడచితిని.

ఈ పర్యాయము వంటశాల విప్పినప్పుడు ఆ రాయి బయటపడెను. శాసనలిపి ఎరిగిన అధ్యాపకులొకరు వచ్చి, తడిబట్టతో తుడిచి, సాయంకాలపు ఏటవాలు వెలుగులో చదివిరి. అఖండదీపమన్నమాట తెలిసినది. ఇనుపయెడ్లు తెలిసినవి. ఇచ్చినవారి పేరు సగము తెలిసినది. క్షేత్రనామము ఉండవలసిన చోట "రామ" అన్న రెండక్షరములు మాత్రము నిలిచియున్నవి. దానికి ముందున్న భాగమే ఆ నాడు చదును చేసిన అంచు. ఏ అక్షరము కొరకు ఇన్ని పుటలు వ్రాసితినో ఆ అక్షరము నా కన్నుల ముందరనే పోయినది. మరియొకరిని అనుటకు నాకు నోరు లేదు.

తుదకు నేను కమిటీవారికి చెప్పినది ఇది. పుట్టుకచేత ఇది దక్షుని తోట యని నేను నమ్ముచున్నాను. సంకల్పమున దేశకాలములను స్మరించునప్పుడు, శ్రీశైలమునకు ఈశాన్యమున, గోదావరీతీరమున అని చెప్పిన పిదప మా తండ్రిగారు దక్షారామమనియే పలికెడివారు. నేనును అట్లే పలుకుదును. కుంభాభిషేకమునాడు మీ గోత్రనామములతో కలిపి అట్లే చెప్పుదును. అయితే ద్రాక్షారామమన్నది తప్పు కాదు. అది పూర్వులు శిలమీదను చెక్కిన రూపము. నేడు రైతు పట్టాలో, బడి రిజిస్టరులో, తపాలా ముద్రలో ఉన్న రూపమును ఫలకమునుండి తొలగించినచో, వెదకుకొనుచు వచ్చువాడు దారి తప్పును. కావున ఫలకమున క్రావడితోనే చెక్కించి, దాని దిగువను "దక్షవాటిక" యని అమ్మవారి పీఠనామమును చేర్చితిమి. దక్షారామమనవలెనన్న పెద్దలు ఇంకను పూర్తిగా సమాధానపడలేదు గాని, యాగశాల పందిరి పనులకు మాత్రము వచ్చుచున్నారు.

ఫలకము ముఖమండపమున కుడిప్రక్కను ఉన్నది. దాని క్రిందనే ఆ పాత రాయిని నిలువుగా గోడలో అమర్చితిమి, అక్షరములు మీ వైపు ఉండునట్లు. భక్తులు అక్షరములున్న రాతిని చూచి దైవభావముతో పసుపు కుంకుమలు పూయుట, నూనె పోయుట, దీపము ఆనించి పెట్టుట సహజము. దయచేసి ఆ రాతికి మాత్రము అవి చేయవద్దు. సున్నము వేయువారు వచ్చినప్పుడు నేను లేకున్నను, అక్కడనున్నవారు వద్దని చెప్పుడు.